వారసుడికి చోటులేని మతం

అఖెనాతెన్ కథను చాలామంది ఒకే తీరుగా చెబుతారు. లెక్కలేనంతమంది దేవతలున్న ఈజిప్టులో ఒక రాజు సూర్యబింబమొక్కటే దేవుడని ప్రకటించాడు, పాత దేవుళ్ళ ఆదాయాన్ని కొత్త దేవుడికి మళ్ళించాడు, ఎడారి అంచున కొత్త రాజధాని కట్టించాడు. ఆయన కన్నుమూయగానే ఆమున్ పూజారులు పగబట్టి అన్నింటినీ కూలదోశారు. కాలానికి ముందు పుట్టిన ఆదర్శవాదిని స్వార్థపరులైన పూజారులు ఓడించారన్న ఈ కథ వినడానికి బాగుంటుంది, మతాధికారం మీద మనకుండే అనుమానాలకు చక్కగా అమరుతుంది కూడా. ఆ కాలం గురించి చదివేకొద్దీ, ఈ కథ చెప్పే క్రమంలో అసలు ప్రశ్న పక్కకు జరిగిపోయిందని నాకు గట్టిగా అనిపిస్తోంది. అఖెనాతెన్ మతం కూలడానికి పూజారుల పగ ప్రధాన కారణం కాదు. ఒక రాజు చనిపోయాక ఇంకొక రాజు ఏ హక్కుతో సింహాసనమెక్కాలి అన్న ప్రశ్నకు ఆ మతంలో జవాబు లేదు. పాత మతంలో ఉన్న జవాబును ఆయన తన చేతులతోనే చెరిపివేశాడు. తరువాతి నలభై, యాభై ఏళ్ళ ఈజిప్టు చరిత్ర అంతా ఆ జవాబును తిరిగి వెతుక్కోవడమే అని నా వాదన.

ముందుగా పాత జవాబు ఏమిటో చూడాలి. ఈజిప్టు విశ్వాసం ప్రకారం సింహాసనం మీద ఉన్న రాజు హోరస్, చనిపోయిన రాజు ఒసిరిస్. ఒసిరిస్‌ను తమ్ముడు సేత్ చంపగా, భార్య ఐసిస్ ఆయన దేహాన్ని కూర్చి కొడుకును కన్నది. ఆ కొడుకు హోరస్ పెరిగి, తండ్రి పక్షాన నిలిచి పోరాడి, దేవతల సభలో తన హక్కును గెలిచాడు. ఇది కేవలం పురాణగాథ అనుకుంటే పొరపాటు. ప్రతి రాజు మరణమూ ఈ గాథను మళ్ళీ ఆడినట్టే జరిగేది. పోయిన రాజు ఒసిరిస్ అయ్యేవాడు కాబట్టి, ఆయనకు అంత్యక్రియలు జరిపించినవాడు హోరస్ అయ్యేవాడు. నిజంగా కన్నకొడుకు కాకపోయినా, ఆ కర్మ చేయడంవల్ల కొడుకు స్థానం దక్కేది. తలకొరివి ఎవరు పెట్టాలన్న తగవు వెనుక ఆస్తి తగవు ఉంటుందని తెలిసిన మన ఇళ్ళవారికి ఈ సంగతి ఎక్కువ వివరించనక్కరలేదు. రాజుల సమాధులు తొలిచిన పనివారి ఊరైన దెయిర్ ఎల్-మెదీనాలో దొరికిన ఒక పపైరస్ పత్రంలో, ఒక తల్లి అంత్యక్రియల ఖర్చు భరించినవారికే ఆమె ఆస్తి చెందాలని వాదించిన ఒక మనిషి, పాతిపెట్టినవాడికే ఆస్తి ఇవ్వాలన్నది ఫరో చట్టమని ఉటంకించాడు. రాజగృహానికీ పనివాడి ఇంటికీ వర్తించిన సూత్రం ఒక్కటే.

అయితే ఈ సూత్రం ఒక్కటే చాలదు. ఇద్దరు ముగ్గురు హక్కుదారులున్నప్పుడు, లేదా ఉన్న ఒక్క హక్కుదారుడి పుట్టుక గురించి గుసగుసలు వినిపించినప్పుడు, తీర్పు చెప్పడానికి ఒక పెద్దదిక్కు కావాలి. అఖెనాతెన్ పుట్టిన పద్దెనిమిదో రాజవంశంలో ఆ పెద్దదిక్కు, థీబ్స్ నగరంలోని కర్నాక్ గుడిలో కొలువైన ఆమున్ దేవుడు. స్త్రీ అయివుండీ ఫరోగా పాలించిన హత్షెప్సుత్, ఆమున్ తన తండ్రి రూపంలో తల్లి దగ్గరకు వచ్చాడనీ, తాను ఆయన సంతానమేననీ దెయిర్ ఎల్-బహ్రీ గుడి గోడలమీద చెక్కించింది. మూడవ తుత్‌మోస్, తాను చిన్నవాడిగా కర్నాక్ గుడిలో ఉండగా ఆమున్ ఉత్సవమూర్తి ఊరేగింపు దారితప్పి తనను వెతుక్కుంటూ వచ్చి తన ఎదుట ఆగిందని శాసనం వేయించుకున్నాడు. అఖెనాతెన్ సొంత తండ్రి మూడవ ఆమెన్‌హోతెప్ కూడా లక్సర్ గుడిలో తన దివ్యజన్మను బొమ్మలుగా చెక్కించాడు. ఏటా జరిగే ఓపెత్ ఉత్సవంలో ఆమున్ కర్నాక్ నుంచి లక్సర్‌కు తరలివెళ్ళేవాడు. అక్కడ రాజులోని దివ్యశక్తి, తరతరాల రాజులలో ఒకరి నుంచి ఒకరికి సంక్రమించే ఆ శక్తి, కొత్తదయ్యేది. ఈ మూడు ఉదాహరణలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఆమున్ ఎందుకంత గొప్పవాడయ్యాడో అర్థమవుతుంది. ఆయన సైన్యాలకు విజయమిచ్చే దేవుడు, సంపదగల దేవుడు, అది నిజమే. కాని రాజవంశానికి ఆయనతో పడిన అసలైన అవసరం వారసత్వ తగవులలో ఆయన ఇచ్చే తీర్పు.

అఖెనాతెన్ పుట్టుకతోనే రాజు కావలసినవాడు కాదు. మూడవ ఆమెన్‌హోతెప్‌కు, మహారాణి తియేకు పెద్దకొడుకు తుత్‌మోస్ అనే యువరాజు. ఆయన మెంఫిస్‌లో ప్తాహ్ దేవుడికి ప్రధానార్చకుడు. తన పెంపుడు పిల్లికి చేయించిన సున్నపురాతి శవపేటిక మీద ఆయన పేరు నేటికీ ఉంది. ఆయన తండ్రికంటే ముందే పోయాడు. తమ్ముడు ఆమెన్‌హోతెప్ ప్రస్తావన తండ్రి పాలనాకాలంలో దాదాపు లేదు. థీబ్స్ పడమటి ఒడ్డున మల్కాతా రాజభవనంలో దొరికిన ఒక మద్యం జాడీ మీది రాత మాత్రం రాకుమారుడు ఆమెన్‌హోతెప్ ఆస్తిని పేర్కొంటుంది. ఇలా అనుకోకుండా సింహాసనం దక్కినవాడు, సుమారు క్రీ.పూ. 1353లో నాలుగవ ఆమెన్‌హోతెప్‌గా పట్టాభిషిక్తుడయ్యాడు. అన్నగారి చావు ఆయన మనసు మీద ఏ ముద్ర వేసిందో ఊహించి రాయడం నాకు ఇష్టంలేదు. తన హక్కుకు ఆయన ఎంచుకున్న ఆధారమేమిటో మాత్రం కట్టడాలే చెబుతాయి. మామూలుగా ముప్పై ఏళ్ళ పాలన తరువాత జరుపుకునే సెద్ ఉత్సవాన్ని ఆయన తొలి ఏళ్ళలోనే కర్నాక్‌లో జరిపాడు. అందుకోసం ఆమున్ ప్రాంగణానికి తూర్పున సూర్యబింబ దేవుడైన ఆతెన్‌కు కొత్త గుడులు కట్టించాడు. పని వేగంగా సాగడానికి మనిషి ఒక్కడే మోయగల చిన్న రాళ్ళు, సుమారు 52 సెంటీమీటర్ల పొడవున్నవి, వాడారు. వాటినే నేడు తలాతాత్ అంటున్నారు.

పాలన అయిదో ఏట ఆయన పేరు మార్చుకుని అఖెనాతెన్ అయ్యాడు. థీబ్స్‌కూ మెంఫిస్‌కూ నడుమ, ఏ దేవుడికీ చెందని ఖాళీ నేలమీద అఖెతాతెన్ నగరానికి పునాది వేశాడు. ఇప్పుడు అమర్నా అంటున్నది ఆ చోటినే. చుట్టూ కొండల మీద చెక్కించిన సరిహద్దు శాసనాలలో, తాను ఎక్కడ మరణించినా తన దేహాన్ని ఇక్కడికే తెచ్చి పాతిపెట్టాలని, రాణి నెఫర్తీతికీ కూతురు మెరితాతెన్‌కూ కూడా ఇదే వర్తించాలని ఆయన ప్రతిజ్ఞ చేశాడు. తన తరువాత రాజయ్యేవాడి మాట ఆ ప్రతిజ్ఞలో లేదు.

పాలన ముందుకు సాగాక ఉలి పట్టిన మనుషులు దేశమంతా తిరిగారు. గుడి గోడలమీద, హత్షెప్సుత్ నిలిపిన ఎత్తైన ఏకశిలా స్తంభాల మీద, చేతిలో ఇమిడే చిన్న వస్తువుల మీద కూడా ఆమున్ పేరు కనిపించిన చోటల్లా చెక్కివేశారు. ఆమెన్‌హోతెప్ అన్న తండ్రి పేరులోనే ఆ దేవుడు ఉన్నాడు కాబట్టి తండ్రి పేరు కూడా ఆ ఉలి బారిన పడింది. మత సంస్కరణ చరిత్రలో ఈ ఒక్క సంగతిని నేను అన్నింటికంటే ముఖ్యంగా చూస్తాను. తనకు సింహాసనం ఏ తండ్రి నుంచి వచ్చిందో ఆ తండ్రి పేరులో సగాన్ని కొడుకే చెరిపించినప్పుడు, తండ్రి నుంచి కొడుకుకు రాజ్యం వస్తుందన్న భావనకు ఆయన మనసులో ఏ స్థానముందో తెలిసిపోతుంది. ఆయన దృష్టిలో అసలు తండ్రి మూడవ ఆమెన్‌హోతెప్ కాదు, ఆతెన్.

ఇక్కడే ఆ మతంలోని చిక్కు మొదలవుతుంది. ఆతెన్ సాధారణ దేవుడు కాడు, రాజు. రాజుల పేర్ల చుట్టూ మాత్రమే గీసే కోల చట్రాలు రెండింటిలో ఆతెన్ పేరు రాశారు. సెద్ ఉత్సవం రాజుతోపాటు ఆతెన్ కూడా జరుపుకున్నట్టు చెప్పారు. ఆతెన్ పైనుంచి పాలించే తండ్రి, అఖెనాతెన్ నేలమీద పాలించే కొడుకు. పాత మతంలో తండ్రి చనిపోయి ఒసిరిస్ అవుతాడు, ఖాళీ అయిన స్థానంలోకి కొడుకు హోరస్‌గా వస్తాడు, ఆ కొడుకూ కాలక్రమంలో ఒసిరిస్ అవుతాడు. మరణమే ఆ చక్రాన్ని తిప్పే ఇరుసు. ఆతెన్‌కు మరణం లేదు. ప్రతి సాయంత్రం అస్తమించి ప్రతి ఉదయం తానే తిరిగి వస్తాడు. తండ్రి ఎన్నటికీ పోడు కాబట్టి, కొడుకు ఎన్నటికీ కొడుకుగానే ఉంటాడు, ఆ కొడుకు స్థానం కూడా ఒక్కటే. ఆయ్ అనే ప్రముఖుడి సమాధిలో చెక్కిన ఆతెన్ మహాస్తోత్రం ఎంతో సుందరమైన కవిత. గుడ్డులోని పిల్లకు ఊపిరి పోసేవాడు, సిరియా దేశానికీ నూబియాకూ ఈజిప్టుకూ సమానంగా జీవనమిచ్చేవాడు, పరదేశాలకోసం ఆకాశంలో నైలునదిని ఏర్పాటు చేసినవాడు అని అందులో ఆతెన్‌ను కీర్తించిన తీరును నేను ఎన్నిసార్లు చదివినా మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. అదే స్తోత్రం, నీ కొడుకు తప్ప నిన్ను ఎరిగినవాడు ఇంకొకడు లేడని కూడా చెబుతుంది, ఆ కొడుకు పేరును అఖెనాతెన్‌గా స్పష్టంగా చెబుతుంది. లోకమంతటినీ కౌగిలించుకున్న దేవుడి గురించిన జ్ఞానం ఒక్క మనిషి గుండెలో మాత్రమే ఉందని చెప్పిన మతం, ఆ గుండె ఆగినరోజు ఏమైపోవాలి?

బొమ్మలలోనూ ఇదే కనిపిస్తుంది. సూర్యబింబం నుంచి దిగివచ్చే కిరణాలు చేతులతో ముగుస్తాయి. ప్రాణచిహ్నాన్ని ఆ చేతులు రాజు, రాణి ముక్కుల దగ్గరే పట్టుకుంటాయి, చుట్టూ మోకరిల్లిన జనం దగ్గరకు రావు. అమర్నాలో సంపన్నుల ఇళ్ళలో పూజకు పెట్టుకున్న రాతి పలకల మీద ఉన్నది రాజకుటుంబమే. రాజు, రాణి, ఒళ్ళో ఆడుకునే కూతుళ్ళు. మామూలు జనం మాత్రం బేస్, తవేరెత్ వంటి ఇంటి దేవతల తాయెత్తులను అదే నగరంలో ధరిస్తూనే ఉన్నారు, అవి తవ్వకాలలో దొరికాయి. ఇక ఒసిరిస్ సంగతి. అమర్నా సమాధులలో ఆయన పేరు మాయమైంది. చనిపోయినవారి ఆత్మ పాతాళానికి పోదు, పగలు లేచి ఆతెన్ గుడిలో నైవేద్యం అందుకుంటుందని చెప్పారు. రాజు శవపేటిక నాలుగు మూలలా ఐసిస్, నెఫ్తిస్ మొదలైన దేవతలు రెక్కలు చాచి నిలవవలసిన చోట నెఫర్తీతి నిలబడింది. హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లోని మ్యూజియంలో ఉన్న ఈజిప్టు మమ్మీ ఎంతో తరువాతి కాలానిది. అప్పటికీ ఆ దేశంలో చనిపోయినవారిని ఒసిరిస్‌తో కలిపే భద్రపరిచారన్న సంగతి, అఖెనాతెన్ తొలగించబోయినది ఎంత లోతుగా నాటుకున్న విశ్వాసమో తెలుపుతుంది. ఒసిరిస్ లేకపోతే హోరస్ లేడు. పోయిన రాజు ఒసిరిస్ కాకపోతే, వచ్చే రాజు ఎవరికి కొడుకు?

ఈ ప్రశ్న సిద్ధాంతంగా మిగిలిపోలేదు, చాలా త్వరగా ఇంటి ముంగిట్లోకి వచ్చింది. అఖెనాతెన్, నెఫర్తీతి దంపతులకు ఆరుగురు కూతుళ్ళు. పాలన పన్నెండో ఏట జరిగిన గొప్ప కప్పాల సభలో ఆరుగురూ తల్లిదండ్రుల వెనుక నిలబడి కనిపిస్తారు. ఆ తరువాత కొద్దికాలానికే రెండో కూతురు మెకెతాతెన్ మరణించింది. అమర్నా రాజసమాధి గోడమీద తల్లిదండ్రులు ఆమె మీద పడి ఏడుస్తున్న దృశ్యం, ఈజిప్టు కళలో రాజుల దుఃఖాన్ని అంత నిరావరణంగా చూపిన అరుదైన చిత్రం. చివరి ఏళ్ళలో స్మెంఖ్‌కరే అనే రాజు పేరు, అంఖ్‌ఖెపెరురే నెఫెర్‌నెఫెరువాతెన్ అనే స్త్రీ ఫరో పేరు కనిపిస్తాయి. ఆ స్త్రీ నెఫర్తీతియా, మెరితాతెనా అన్న తగవు ఇంకా తేలలేదు. అఖెనాతెన్ పాలన పదహారో ఏట కూడా నెఫర్తీతి మహారాణిగానే ఉందని దెయిర్ అబూ హిన్నిస్ రాతిగనిలోని రాత తెలియజేసింది కాబట్టి, ఆమె అంతకుముందే చనిపోయిందనో వెళ్ళగొట్టబడిందనో చెప్పిన పాత కథలు మాత్రం చెల్లవు.

నా వాదనకు ఎవరైనా అడ్డుచెప్పదలిస్తే ఇక్కడే చెప్పాలి. అఖెనాతెన్ వారసత్వం గురించి ఆలోచించలేదనడం తప్పు, తన తరువాతివారిని రాజచిహ్నాలతో నిలబెట్టాడు కదా అని అడగవచ్చు. నిజమే, నిలబెట్టినట్టే ఉంది. కాని ఆ స్త్రీ ఫరో తన పేర్ల పక్కన పెట్టుకున్న బిరుదులను చూడండి: అఖెనాతెన్ రాజనామాలైన నెఫెర్‌ఖెపెరురేకు ప్రియమైనది, వాఎన్‌రేకు ప్రియమైనది, తన భర్తకు మేలుచేసేది. ఇంతకుముందు ఫరోలు ఆమున్‌కు ప్రియమైనవారు, ప్తాహ్‌కు ప్రియమైనవారు. ఈమె హక్కు అంతా ఒక మనిషి ప్రేమమీద ఆధారపడింది. ఆ మనిషి పోయాక ఆ బిరుదులకు బలమెక్కడిది? అందుకే కాబోలు, థీబ్స్‌లో పైరీ అనే వ్యక్తి సమాధిలో ఆమె పాలన మూడో ఏట రాసిన ఒక రాత మనకు ఆశ్చర్యం కలిగిస్తుంది. ఆమె స్మారక మందిరంలో ఆమున్ నైవేద్యాల లేఖకుడైన పవాహ్ పేర రాసిన ప్రార్థన అది. తనవైపు తిరిగి చూడమని, నిన్ను చూడాలని ఉందని ఆమున్‌ను వేడుకునే ఆ మాటలలోని ఆర్తి నన్ను బాగా కదిలించింది. అంటే టుటన్‌ఖామున్ పాలన మొదలుకాకముందే, అఖెనాతెన్ ఏర్పరచిన వారసురాలి పేరనే ఉన్న మందిరంలో ఆమున్ తిరిగివచ్చాడు. ఏ పూజారులూ తిరుగుబాటు చేసి తేలేదు. సింహాసనానికే ఆయనతో అవసరం పడింది.

తరువాత వచ్చిన బాలుడు తుతంఖాతెన్. ఎనిమిది, తొమ్మిదేళ్ళ వయసులో రాజయ్యాడు. హెర్మోపోలిస్‌లో దొరికిన అమర్నా రాతి మీద అతన్ని రాజు సొంత కొడుకుగా పేర్కొన్నారు, ఏ రాజో మాత్రం ఆ రాయి చెప్పదు. అఖెనాతెన్ మూడో కూతురు అంఖెసెన్‌పాతెన్ అతని భార్య. ఇద్దరూ పేర్లలో ఆతెన్‌ను తీసి ఆమున్‌ను చేర్చుకుని టుటన్‌ఖామున్, అంఖెసెనామున్ అయ్యారు, రాజకుటుంబం అమర్నాను విడిచిపెట్టింది. కర్నాక్‌లో 1905లో దొరికిన పునరుద్ధరణ శాసనం అతని పేర వేసినదే. దక్షిణాన ఎలిఫెంటైన్ దీవి నుంచి ఉత్తరాన నైలు డెల్టా చిత్తడి నేలలదాకా గుడులు పాడుబడి గడ్డి మొలిచిందని, దేవుళ్ళు ఈ దేశానికి వీపు చూపారని, ఎవరైనా దేవుణ్ణి పిలిస్తే రాలేదని, సైన్యం సిరియావైపు వెళ్తే గెలుపు దక్కలేదని అందులో ఉంది. ఇటువంటి శాసనాలు గత పాలనను ఎప్పుడూ నల్లగా చిత్రిస్తాయి కాబట్టి ప్రతి మాటనూ యథార్థంగా తీసుకోనక్కరలేదు. నాకు ముఖ్యమనిపించేది పనుల జాబితా. ఇంతకుముందు పదకొండు మోతకర్రల మీద ఊరేగిన ఆమున్ ఉత్సవమూర్తిని రాజు పదమూడు మోతకర్రలకు పెంచాడు. పూజారులను ఆయా ఊళ్ళ పెద్దమనుషుల కొడుకులలో నుంచి, పేరుతెలిసిన ఇంటివారిలో నుంచి రాజే ఎంపికచేసి నియమించాడు. తన భవనంలోని సేవకులను, పాటకత్తెలను గుడులకు ఇచ్చి, వారి జీతం తానే భరిస్తానన్నాడు. పగబట్టి గెలిచిన పూజారి వర్గం రాజు చేత కొత్త పూజారులను నియమింపజేసుకోవలసిన స్థితిలో ఎందుకుంటుంది? ఆమున్ గుడి ఆస్తుల ఆదాయం కూడా ఈ మార్పుకు ఒక కారణమని ఒప్పుకోవలసిందే. అయితే దానిని నడిపించినవారు కొలువులోనివారు. వారిలో ప్రముఖుడైన ఆయ్, ఆతెన్ మహాస్తోత్రాన్ని తన సమాధిలో చెక్కించుకున్న ఆ ఆయే.

పద్దెనిమిది, పందొమ్మిదేళ్ళ వయసులో టుటన్‌ఖామున్ మరణించాడు. అతని సమాధిలో రెండు చిన్న పేటికలలో దొరికినవి నెలలు నిండకుండా పోయిన ఇద్దరు ఆడశిశువుల దేహాలు. వంశం అక్కడితో ఆగింది. అప్పుడు జరిగినది ఈజిప్టు గోడలమీద లేదు, నేటి తుర్కియే నడిమధ్యన ఉన్న హిత్తైట్ల రాజధాని హత్తుసాలో మట్టిపలకల మీద దొరికింది. హిత్తైట్ రాజు సుప్పిలులియుమా కార్కెమిష్ కోటను ముట్టడిస్తుండగా ఈజిప్టు రాణి నుంచి ఒక లేఖ వచ్చిందని ఆయన కొడుకు రెండవ ముర్సిలి రాయించిన చరిత్ర చెబుతుంది. నా భర్త చనిపోయాడు, నాకు కొడుకు లేడు, నీకు చాలామంది కొడుకులున్నారంటారు, ఒకణ్ణి పంపితే నా భర్త అవుతాడు, నా సేవకులలో ఒకణ్ణి భర్తగా చేసుకోలేను, నాకు భయంగా ఉంది అని ఆమె రాసింది. తన జీవితంలో ఇటువంటిది ఎన్నడూ జరగలేదని సుప్పిలులియుమా నిర్ఘాంతపోయి, నిజమేమిటో కనుక్కురమ్మని దూతను పంపాడు. ఆమె మళ్ళీ రాసింది: నాకు కొడుకే ఉంటే నా అవమానాన్ని, నా దేశపు అవమానాన్ని పరదేశానికి రాస్తానా? ఆ భర్త టుటన్‌ఖామున్ అనీ, రాసినది అంఖెసెనామున్ అనీ ఎక్కువమంది పండితులు భావిస్తారు. అఖెనాతెన్ భార్య అనేవారూ ఉన్నారు. ఎవరైనా కానీ, ఈ లేఖ వెనుక ఎంత పెద్ద కూలుబాటు ఉందో ఒక్క పోలికతో తెలుస్తుంది. బాబిలోన్ రాజు పెళ్ళికి ఈజిప్టు రాకుమార్తెను అడిగినప్పుడు, ఏనాడూ ఈజిప్టు రాజు కూతురిని ఎవరికీ ఇవ్వలేదని మూడవ ఆమెన్‌హోతెప్ బదులిచ్చాడు. ఆ జవాబు అమర్నాలోనే దొరికిన మట్టి లేఖలలో ఉంది. ఒక్క తరం గడిచిందో లేదో, అదే ఇంటి ఆడపడుచు ఈజిప్టు సింహాసనాన్నే పరదేశి కొడుకుకు ఇవ్వజూపింది.

సుప్పిలులియుమా చివరకు నమ్మి జన్నంజా అనే కొడుకును పంపాడు. అతడు దారిలోనో, చేరాకనో చంపబడ్డాడు. కోపోద్రిక్తుడైన తండ్రి ఈజిప్టు అధీనంలోని ప్రాంతాల మీద దండెత్తాడు, పట్టుకొచ్చిన ఖైదీలతో మహమ్మారి హిత్తైట్ల దేశంలోకి వచ్చింది. ఇరవై ఏళ్ళుగా జనం చచ్చిపోతున్నారని ముర్సిలి దేవుళ్ళ ముందు మొరపెట్టుకున్న ప్రార్థనలు మిగిలాయి. నైలునది ఒడ్డున ఒక సింహాసనం ఖాళీ అయితే దాని ఫలితాన్ని అనతోలియాలోని అనామక కుటుంబాలు ఎన్నో అనుభవించాయి. అంఖెసెనామున్ గురించి ఆ తరువాత దాదాపు ఏమీ వినిపించదు. ఆమె పేరూ ఆయ్ పేరూ పక్కపక్కన ఉన్న ఉంగరం ఒకటి తెలుసు. తరువాత రాజైన ఆయ్ రాజసమాధిలో రాణిగా కనిపించేది మాత్రం ఆయన పాత భార్య తేయ్.

ఆయ్ రాజు ఎలా అయ్యాడన్నది 1922 నవంబరులో హోవర్డ్ కార్టర్ కనుగొన్న టుటన్‌ఖామున్ సమాధిలో ఉత్తరపు గోడే చెబుతుంది. చిరుతతోలు కప్పుకుని, రాజుల నీలికిరీటం పెట్టుకుని, ఒసిరిస్ రూపంలో నిలబడిన టుటన్‌ఖామున్ మమ్మీకి ఆయ్, అంత్యక్రియలలో భాగమైన నోరు తెరిచే కర్మ చేస్తున్నాడు. ఒక రాజు సమాధి గోడమీద అతని తరువాతి రాజు ఇలా కర్మ చేస్తూ కనిపించడం రాజుల లోయలో మరెక్కడా లేదు. రాజరక్తం అన్న హక్కు లేని వయోవృద్ధుడు, ఆతెన్ స్తోత్రాన్ని సమాధిలో చెక్కించుకున్నవాడు, తనకు మిగిలిన ఒకే ఒక్క ఆధారాన్ని రంగులలో వేయించుకున్నాడు: పాతిపెట్టినవాడిని నేను, కాబట్టి హోరస్‌ను నేను. అఖెనాతెన్ తీసిపారేసిన ఒసిరిస్ తత్వాన్ని ఆయన మనిషే ఇలా తిరిగి నిలబెట్టాడు. నా వాదనకు ఇంతకంటే బలమైన సాక్ష్యం నాకు కనబడదు.

ఆయ్ నాలుగేళ్ళే ఉన్నాడు. తరువాత సేనాని హోరెమ్‌హెబ్ వచ్చాడు, అతనికీ రాజరక్తం లేదు. అతను ఆశ్రయించినది రెండో జవాబును. ఇప్పుడు ట్యూరిన్‌లో ఉన్న అతని పట్టాభిషేక శాసనం ప్రకారం, అతని సొంత ఊరి హోరస్ దేవుడు ఓపెత్ ఉత్సవ సమయంలో అతన్ని థీబ్స్‌కు తీసుకువచ్చాడు, ఆమున్ అతన్ని చూసి సంతోషించి కిరీటం పెట్టాడు. మూడవ తుత్‌మోస్ చెప్పుకున్న కథకు ఇది చాలా దగ్గరగా ఉంది. తగవు తీర్చే పెద్దదిక్కు మళ్ళీ తన పీఠం మీద కూర్చున్నాడు. అందుకు కృతజ్ఞతగానా అన్నట్టు హోరెమ్‌హెబ్ కర్నాక్‌లోని ఆతెన్ గుడులను విప్పి, ఆ తలాతాత్ రాళ్ళను ఆమున్ గుడి గోపుర ద్వారాల లోపల నింపించాడు. మన కాలంలో వాటిని వేల సంఖ్యలో బయటకు తీయగలగడం ఆ నింపడంవల్లనే సాధ్యమైంది. సంతానం లేని హోరెమ్‌హెబ్, డెల్టా ప్రాంతపు సైనిక కుటుంబానికి చెందిన తన మంత్రి పరామెస్సును వారసుడిగా ఎంచుకున్నాడు. పరామెస్సుకు అప్పటికే ఎదిగిన కొడుకు ఉన్నాడు. పరామెస్సు మొదటి రామెసెస్‌గా రెండేళ్ళు కూడా నిండా పాలించకుండానే పోయినా రాజ్యం ఒడిదొడుకులు లేకుండా కొడుకు సేతికి చేరింది.

ఆ మొదటి సేతి అబిదోస్‌లో, ఒసిరిస్ క్షేత్రంలో, ఒక గొప్ప గుడి కట్టించాడు. అందులో ఒక నడవ గోడమీద సేతి నిలబడి ఉండగా, ఎదుట బాలుడైన రాకుమారుడు రామెసెస్ పపైరస్ చుట్ట పట్టుకుని చదువుతుంటాడు. వారి ముందు 76 రాజనామాలు వరుసగా ఉన్నాయి. ఆ వరుసలో మూడవ ఆమెన్‌హోతెప్ తరువాత పేరు హోరెమ్‌హెబ్. అఖెనాతెన్, నెఫెర్‌నెఫెరువాతెన్, స్మెంఖ్‌కరే, టుటన్‌ఖామున్, ఆయ్, ఎవరూ లేరు. దీనిని మతద్రోహానికి శిక్షగానే చూస్తే టుటన్‌ఖామున్ పేరు లేకపోవడానికి కారణం దొరకదు. ఆమున్‌ను పదమూడు మోతకర్రల మీద ఊరేగించినవాడు, గుడులకు తిరిగి పూజారులను ఇచ్చినవాడు అతడే, ఆ శాసనం మీద కూడా హోరెమ్‌హెబ్ తన పేరు చెక్కించుకున్నాడు. ఆమున్ భక్తిలో ఎవరికీ తీసిపోని హత్షెప్సుత్ కూడా ఆ గోడమీద లేదు. ఆ జాబితాను కూర్చినవారు తండ్రి నుంచి కొడుకుకు చేరే వరుసలో ఇమడని పేర్లను వదిలివేశారు, అందులో సూర్యబింబాన్ని పూజించినవాడూ ఆమున్‌ను పూజించినవారూ ఒకే గాటన పడ్డారు.